రెండోసారి వచ్చినవాడికి ముందు పరీక్ష, తర్వాతే మందు: గోదావరి జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ బాధ్యులకు, చర్మ, సుఖవ్యాధుల వైద్యులకు, మందుల షాపుల యజమానులకు, పల్లెల్లో వైద్యం చేస్తున్న ఆర్‌ఎంపీలకు

విషయం: సుఖవ్యాధికి మందు వాడిన తర్వాత కూడా మగవారిలో మిగిలిపోతున్న బాధలకు సరైన పరీక్ష, వైద్యం అందుబాటులోకి తేవాలని వినతి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కోనసీమలో ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో పనిచేసి పదవీ విరమణ చేసిన టెక్నీషియన్‌ను. ఇక్కడ రాస్తున్న విషయాన్నే మరికొందరితో కలిసి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా ఇచ్చాను. కొన్నాళ్లకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో, ఏ ఆసుపత్రిలో ఏమి మారిందో అడిగితే చెప్పగలిగినవారు ఎవరూ కనబడలేదు. నలుగురూ నోరెత్తి మాట్లాడుకోని విషయం కాబట్టి దీని గురించి ధర్నాలు జరగవు, పత్రికలకెక్కదు. అందుకే బహిరంగంగా రాయవలసి వచ్చింది.

మూత్రనాళం నుంచి చీము కారుతోందనో, మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందనో ఒక మగమనిషి సురక్ష క్లినిక్‌కు (ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సుఖవ్యాధుల విభాగానికి) వస్తే ఏమి చేయాలో మనకు స్పష్టమైన పద్ధతి ఉంది. లక్షణాన్ని బట్టి ఒకటో నంబరు బూడిదరంగు కిట్ ఇస్తారు. అందులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి, రెండూ ఒకేసారి మింగాలి. ల్యాబు రిపోర్టు కోసం రోజుల తరబడి తిప్పకుండా వచ్చిన పూటే మందు కడుపులో పడుతుంది కాబట్టి, కూలి మానుకుని వచ్చే మనిషికి ఇది మంచి పద్ధతే. గనేరియా అనే సుఖవ్యాధికీ, దానితో తరచూ కలిసి ఉండే క్లమీడియా అనే మరో సుఖవ్యాధికీ ఒకేసారి మందు పడుతుంది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నా ఫిర్యాదంతా ఆ తర్వాత జరిగేదాని గురించే.

వారం, పది రోజులకు అదే మనిషి మళ్లీ వస్తాడు. చీము ఆగింది గానీ మంట పోలేదంటాడు. లేదా పొద్దున లేవగానే జిగురుగా ఒక చుక్క కనబడుతోందంటాడు, లేదా గజ్జల్లోనూ వృషణాల్లోనూ లాగుతున్నట్టు ఉందంటాడు. నేను చూసినంతలో అతనికి దొరికేది అదే కిట్ మరోసారి, కాకుంటే ‘వేడి చేసి ఉంటుంది, బార్లీ నీళ్లు తాగు’ అనే సలహా. ఏడు రోజుల తర్వాత మళ్లీ చూడాలని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చూడటమంటే అడగడం కాదు కదా! బట్ట విప్పి చూడాలి, నమూనా తీయాలి, స్లైడు వేయాలి.

మందు వాడినా బాధ మిగలడానికి కారణాలు అనేకం, ఒక్కో కారణానికి చేయవలసిన వైద్యం వేరు. గనేరియా క్రిమి ఇచ్చిన మందుకు లొంగనిదై ఉండవచ్చు. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు అది ఎప్పుడో లొంగడం మానేసింది, అయినా ఆ మాత్రలు ఇప్పటికీ చేతికిస్తున్నారు. ఊళ్లో ఒక్క సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్‌తో సరిపెట్టినప్పుడు గనేరియా పోతుంది, లోపల నక్కిన క్లమీడియా అలాగే ఉండిపోయి రెండు మూడు వారాలకు మళ్లీ మంట మొదలుపెడుతుంది. మైకోప్లాస్మా జెనిటాలియం అనే మరో క్రిమి ఉంది. దానికి కణ కవచమే ఉండదు, కాబట్టి ఆ కవచం మీద పనిచేసే పెనిసిలిన్, సెఫిక్సిమ్ జాతి మందులు ఎన్ని మింగినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ దాన్ని చాలాసార్లు చంపలేదు, పైగా ఆ మందుకు తట్టుకునే శక్తిని దానికి నేర్పుతుంది. దానికి ముందు డాక్సీసైక్లిన్ ఏడు రోజులు, ఆ వెంటనే వైద్యుడు ఎంచిన మరో మందు పడాలి. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అయితే మెట్రోనిడజోల్, సెక్నిడజోల్ జాతి మందు కావాలి, బూడిదరంగు కిట్‌లో అది లేదు. భార్యకో, భాగస్వామికో మందు పడకపోతే నయమైనవాడికే మళ్లీ అంటుకుంటుంది. ఇవేవీ కాక, క్రిమి పూర్తిగా చచ్చినా పుండైన నాళం మానడానికి కొన్నాళ్లు పట్టవచ్చు. క్రిమితో సంబంధం లేకుండా కటి భాగపు కండరాలు, ప్రోస్టేట్ గ్రంథి చుట్టూ నొప్పి స్థిరపడిపోవడమూ ఉంది.

వీటిలో ఏది అన్నది మొహం చూసి చెప్పలేం. కానీ తొలి మెట్టు మన దగ్గరే ఉంది. మూత్రనాళపు కొసన సన్నని దూదిపుల్లతో నమూనా తీసి, గాజుపలక మీద పలచగా రాసి, ఆరబెట్టి, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్ వరసగా వేసి కడిగి, నూనె చుక్క వేసి పెద్ద లెన్సు కింద పెడితే కొద్ది నిమిషాల్లో చాలా సంగతులు తెలుస్తాయి. గనేరియా ఉంటే చీముకణాల లోపల గులాబీరంగులో చిక్కుడుగింజల జంటల్లా క్రిములు కనబడతాయి. మగవారిలో చీము కారుతున్నప్పుడు ఈ పరీక్ష ఎంతో నమ్మదగినది. జంటలు లేకుండా చీముకణాలు మాత్రం ఉంటే వాపు నిజమే, కారణం వేరే. చీముకణాలే లేకపోతే, బాధ ఎంత ఉన్నా, మరో యాంటీబయాటిక్ ఇచ్చే ముందు ఆగి ఆలోచించాలి. ఇంత తేడా చెప్పే పరీక్షకు కావలసిన సూక్ష్మదర్శిని, మలేరియా స్లైడు చూసే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉంది. అద్దకాలు ఖరీదైనవి కావు.

అది మానేసి మనవాళ్లు రాసేది మామూలు మూత్ర పరీక్ష, కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష). మూత్రపు సంచిలో ఇన్‌ఫెక్షన్‌కు నడిమి ధార పట్టాలి. నాళంలో వాపు తెలియాలంటే కనీసం ఒక గంట ఆపుకున్న తర్వాత వచ్చే మొట్టమొదటి ధార పట్టాలి. ‘కొంచెం వదిలేసి పట్టు’ అని సీసా చేతికిస్తే, చూడవలసిన కణాలన్నీ ముందే కొట్టుకుపోతాయి. మామూలు కల్చర్‌లో క్లమీడియా గానీ, మైకోప్లాస్మా గానీ పెరగవు. ‘నో గ్రోత్’ అన్న కాగితం పట్టుకుని, తనకు ఏమీ లేదో, లేక ఎవరికీ అంతుపట్టని రోగమేదో ఉందో తెలియక బస్టాండు బెంచీ మీద కూర్చుని ఏడ్చినవాళ్లను నేను చూశాను.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఇది.

1. మందు మీద మందు పడుతోంది. ఆకివీడు వైపు నుంచి బెంగాల్‌కు చేపల లోడు తోలే ఒక లారీ డ్రైవర్ తన ప్లాస్టిక్ సంచిని నా ముందు బల్ల మీద ఒంపాడు. సగం మింగిన ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ అట్టలు, ఖాళీ అయిన సెఫిక్సిమ్ అట్టలు, దారి పొడవునా వేర్వేరు ఊళ్ల షాపుల చీటీలు, పేరు చూపించి మళ్లీ చేయించుకుందామని దాచుకున్న ఇంజక్షన్ సీసా. అందులో డాక్సీసైక్లిన్ వరసగా ఏడు రోజులు వాడిన ఆనవాలు లేదు, పరీక్ష కాగితమూ ఒక్కటి లేదు. ఇన్ని రకాలు కొద్దికొద్దిగా వాడితే క్రిమి చావదు, రాటుదేలుతుంది. ఆ రాటుదేలిన క్రిమి అతనితోనే ఆగదు.

2. ఆడవాళ్లు తమకు తెలియకుండానే నష్టపోతున్నారు. రాజోలు, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్లు సెలవుకు వస్తారు. బాధ మొదలైతే ఇంట్లో చెప్పలేక, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వశిష్ట దాటి, తెలిసిన మొహం కనబడని చోట మందు కొనుక్కుని మింగుతారు. భార్యకు ఆ మందు ఇవ్వరు, ఇవ్వాలని వారికి చెప్పినవారూ ఉండరు. అతనికి తగ్గినట్టే తగ్గి ఆమె నుంచి మళ్లీ వస్తుంది, తర్వాత విమానమెక్కి వెళ్లిపోతాడు. ఆమెలో క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపదు. లోలోపల గర్భనాళాలకు పాకి, అవి మూసుకుపోయాక, పిల్లలు లేరని అత్తవారింట మాట పడేది ఆమే. గర్భం నాళంలో నిలిచి ప్రాణం మీదికి వచ్చేదీ ఆమెకే. సంతాన సాఫల్య కేంద్రాల్లో లక్షలు పోసే కుటుంబాలు మన డెల్టాలో తక్కువేమీ లేవు. ఆ దంపతుల్లో మగవాడిని ‘నీకెప్పుడైనా చీము కారిందా, అప్పుడు ఆమెకు మందు పడిందా’ అని మొదట్లోనే అడిగే ఓపిక మన వైద్యానికి ఉండాలి. భార్యను క్యూలో నిలబెట్టి, నలుగురిలో భర్త రోగం పేరు చెబితే ఆమె వస్తుందని ఎలా అనుకుంటాం? కిట్ భర్త చేతికిచ్చి పంపే వెసులుబాటు, లేదా ఆమె ఏఎన్‌ఎం దగ్గరే గుట్టుగా తీసుకునే ఏర్పాటు ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ఈ ఒక్క అంశం మీద నేను ఎంత రాసినా తక్కువే.

3. క్రిమి పోయినా బాధ పోని మగవాళ్లకు వెళ్లడానికి చోటు లేదు. స్లైడులో చీముకణాలు ఉండవు, పరీక్షలన్నీ బాగుంటాయి, కానీ కూర్చుంటే కింద నొప్పి, మూత్రం పోశాక మంట, వీర్యం పడ్డాక గుచ్చినట్టు బాధ నెలల తరబడి ఉంటాయి. మూడు నెలలు దాటిన ఇలాంటి నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక కటి నొప్పిగా గుర్తించింది. దానికి కటి కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ, టామ్సులోసిన్ వంటి మందులు, నిద్రకూ ఆందోళనకూ చికిత్స ఉన్నాయి. మన దగ్గర అతనికి దొరికేది ‘నీదంతా భ్రమ’ అన్న మాట. ఆ మాట విన్నవాడు ఇంటికి వెళ్లి ఏమి చేస్తాడో డాక్టర్లు తెలుసుకోవాలి. గంటకోసారి తలుపేసుకుని, ఇంకా చీము వస్తోందేమోనని నొక్కి పిండి చూసుకుంటాడు. అలా పిండడంతోనే నాళం ఒరుసుకుపోయి, తడి కనబడి, మంట పెరుగుతుంది, దాన్ని చూసి మళ్లీ మందుల షాపుకు పరిగెడతాడు. పిండవద్దని ఒక్కరు చెప్పినా సగం బాధ తగ్గేవాళ్లు వీరిలో ఉన్నారు. హెచ్‌ఐవీ భయంతో వారానికో ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు చేయించుకోవాలో, మూడు నెలలకు మళ్లీ ఒకసారి ఎందుకు చూడాలో ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) కౌన్సిలర్ పావుగంట కూర్చోబెట్టి చెబితే ఆ ఖర్చూ, ఆ కుంగుబాటూ తప్పుతాయి. పెళ్లి సంబంధం కుదిరిన కుర్రవాడు ముహూర్తం వాయిదా వేసుకుంటూ పోతుంటే, కారణం తెలియక తల్లిదండ్రులు జాతకాలు చూపించుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు.

4. వైద్యం దొరకని చోటికి ‘రహస్య వ్యాధుల’ బోర్డులు వచ్చి చేరుతున్నాయి. కరెంటు స్తంభాల మీద, బస్టాండు మరుగుదొడ్ల గోడల మీద, లాడ్జి గదుల్లో క్యాంపుల పేరుతో కోర్సుకింతని వేలు గుంజుతున్నారు. సుఖవ్యాధులు నయం చేస్తామని ఇలా ప్రకటనలివ్వడం 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం అమలయ్యేలా చూడండి.

5. గల్ఫ్ వెళ్లేవారికి చేసే వైద్య పరీక్షల్లో సిఫిలిస్ పరీక్ష ఉంటుంది. ఎప్పుడో సిఫిలిస్ వచ్చి, పెన్సిలిన్ వేయించుకుని పూర్తిగా నయమైనవారికి కూడా టీపీహెచ్‌ఏ వంటి పరీక్ష సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. చికిత్స చేసిన రోజునే తేదీ, మోతాదు, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ రక్తపరీక్ష) విలువతో ఒక కాగితం చేతికిస్తే, ఆ మనిషి తన సంగతి చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. అది లేక, అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినవాడు దిక్కుతోచక తిరుగుతున్నాడు.

6. పట్టించుకోని కొద్దిమందిలో వృషణాలు వాచిపోవడం, నాళం సన్నబడి ధార పడకపోవడం, క్లమీడియా తర్వాత కీళ్లు వాచి కళ్లు ఎర్రబడటం వంటివి వస్తాయి. కీళ్ల నొప్పులకు వెళ్లినవాడిని మూత్రంలో మంట గురించి అడిగేవారుండరు, అతనూ సిగ్గుతో చెప్పడు.

ఇక మా కోరికలు.

వైద్య ఆరోగ్య శాఖాధికారులను మొట్టమొదట అడుగుతున్నది ఒకటే. మందు వాడి తగ్గలేదని తిరిగి వచ్చిన ప్రతి మగవాడికీ, రెండో యాంటీబయాటిక్ ఇచ్చే ముందు స్లైడు గానీ, తొలిధార మూత్ర పరీక్ష గానీ తప్పనిసరి అని రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుదరకపోతే ఏరియా ఆసుపత్రికి చీటీ రాసి పంపాలి. ఆ చీటీలో మొదట ఏ మందు, ఏ తేదీన ఇచ్చారో ఉండాలి, లేకపోతే అక్కడ మళ్లీ మొదటికే వస్తుంది. జిల్లాల్లో క్షయకు వాడుతున్న సీబీనాట్ యంత్రంలోనే వేరే కాట్రిడ్జి వేస్తే క్లమీడియా, గనేరియా పరీక్షలు చేయవచ్చు. కోవిడ్ కాలంలో ఆర్టీపీసీఆర్ పరీక్షలు చేయడం నేర్చిన చేతులు మన ల్యాబుల్లో ఉన్నాయి. కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల, 2023లో మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు కేంద్రాలుగా మైకోప్లాస్మా, ట్రైకోమోనాస్ సహా పరీక్షలు చేసే ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే ఈ యంత్ర పరీక్షలను మందు అయిన వెంటనే చేస్తే చచ్చిన క్రిమి అవశేషాలకే పాజిటివ్ రావచ్చు కాబట్టి, మూడు నాలుగు వారాలు ఆగి చేయాలన్న సూచన కూడా అందరికీ పంపాలి.

కిట్‌తో పాటు తెలుగులో ఒక చిన్న కాగితం ఇవ్వండి. ఏడు రోజులు కలయిక వద్దని, గత రెండు నెలల్లో కలిసినవారికి మందు పడాలని, కొన్ని రోజులు కొద్దిపాటి మంట ఉండవచ్చని, పిండి చూసుకోవద్దని, ఏ లక్షణం ఉంటే ఎప్పుడు తిరిగి రావాలో, 1097కు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చని అందులో ఉంటే చాలు. చేపల చెరువుల మీద, రైస్ మిల్లుల్లో, పడవల మీద పనిచేసేవారు పగటి ఓపీకి రాలేరు. వారంలో ఒక సాయంత్రమైనా క్లినిక్ తెరవండి. పేరుతో పాటు రోగం పేరు కూడా గట్టిగా పిలిచే అలవాటు ఎక్కడున్నా ఆపించండి. రోగి గుట్టు కాపాడటం వైద్యుల ధర్మమని 2002 నాటి వృత్తి నియమావళి చెబుతోంది.

చర్మ, సుఖవ్యాధుల వైద్యులకు మనవి. మీ దగ్గరికి వచ్చేసరికే అతను నాలుగు చోట్ల తిరిగి ఉంటాడు. పరీక్షలో ఏమీ లేనప్పుడు ‘ఏమీ లేదు’ అనకండి. ‘క్రిమి లేదు, నొప్పి ఉంది, దానికి వైద్యం వేరు’ అని చెప్పి, యూరాలజిస్టుకో ఫిజియోథెరపిస్టుకో రాసి పంపండి.

మందుల షాపుల వారికి: సెఫిక్సిమ్, మాక్సిఫ్లాక్సాసిన్ 2014 నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాయాలి. ఆర్‌ఎంపీలకు: మీరు ఊరికి అర్ధరాత్రి పలికే మనుషులని నాకు తెలుసు. చీము కారుతోందని వచ్చినవాడికి ఇంజక్షన్ పొడిచి పంపకుండా, దగ్గరలోని సురక్ష క్లినిక్ ఎక్కడుందో చెప్పి, వీలైతే మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. మీ మాట అతను వింటాడు.

ఈ లేఖకు 30 రోజుల్లోగా, ఏ ఆసుపత్రిలో ఏ పరీక్ష ఎప్పటి నుంచి చేస్తారో తెలిపే రాతపూర్వక జవాబును జిల్లాల వారీగా ప్రకటించాలని కోరుతున్నాను. స్లైడు వేయడం, చూడటం మర్చిపోయిన టెక్నీషియన్లకు మళ్లీ నేర్పించవలసి వస్తే, పదవీ విరమణ చేసిన మాలో కొందరం జీతం, భత్యం ఏమీ లేకుండా వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. అద్దకాలూ గాజుపలకలూ మీరు సమకూర్చండి, రోజు, చోటు చెప్పండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
కోనసీమ